అమ్మకు తెచ్చిన బట్ట

బస్సు సెతూబల్ పొలిమేర దాటకముందే ఎర్మీనియా తిండి సంచి విప్పింది. ఉడికించిన గుడ్లు, వేయించిన చేపముక్కలు, నిన్నటి రొట్టె. పేట కార్యాలయం వాళ్ళు ఏడాదికోసారి పెద్దవాళ్ళందరినీ బస్సెక్కించి ఏదో ఒక ఊరు తిప్పి తీసుకొస్తారు. మధ్యాహ్నం భోజనం కూడా వాళ్ళదే. అయినా ఇంటి దగ్గర్నుంచి ఏదో ఒకటి కట్టుకురాకపోతే ఎర్మీనియాకు ప్రయాణం చేసినట్టే ఉండదు. గుడ్డు వలుస్తూ, పక్క సీట్లో ఒలిండా ఒడిలో ఉన్న సంచి వంక మళ్ళీ మళ్ళీ చూసింది. చివరికి ఉండబట్టలేకపోయింది.

"అందులో ఏముందే తల్లీ, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు?"

"బట్ట."

"ఎవరికి?"

"మా అమ్మకి."

ఎర్మీనియా చెయ్యి ఆగిపోయింది. "మీ అమ్మ పోయి ఐదేళ్ళు దాటిందన్నావు కదా?"

"అందుకే."

ఎర్మీనియాకు అర్థమైంది. గుడ్డు పట్టుకున్న చేత్తోనే నుదుటి మీదా గుండె మీదా సిలువ గుర్తు వేసుకుంది. ఆ బస్సులో ఎవరినడిగినా అర్థమయ్యే మాటే అది. వాళ్ళలో సమాధి శాశ్వతం కాదు. పూడ్చిన కొన్నేళ్ళకు మళ్ళీ తవ్వుతారు. అప్పటికి మట్టి తన పని తను చేసుకుని ఉంటుంది. ఇంటి ఆడవాళ్ళు వెళ్ళి ఎముకలు కడిగి, తెల్లటి బట్టలో చుట్టి, చిన్న పెట్టెలో పెట్టి, శ్మశానం గోడలో ఉన్న గూట్లో దాస్తారు. అక్కడితో పోయినవాళ్ళ పని పూర్తయినట్టు. అప్పటిదాకా అది సగం చావే.

ఒలిండా తల్లి పెర్పెతువా చావు ఇంకా సగంలోనే ఉందని ఒలిండా లెక్క. ఎవొరా ఊరి గోడ బయటున్న శ్మశానంలో ఆమెను పూడ్చారు. రెండేళ్ళ కిందట, చలికాలం చివర్లో మొదటిసారి తవ్వితే పని పూర్తి కాలేదు. మట్టి ఆమెను ముట్టుకోనే లేదు. మళ్ళీ కప్పేసి, ఇంకో రెండేళ్ళాగండి అన్నారు. ఆ రెండేళ్ళూ అయిపోయాయి. తల్లి ఎముకలను తన చేత్తో కడిగి, తను కుట్టిన బట్టలో చుట్టాలి. ఒలిండాకు ఈ భూమ్మీద ఇక మిగిలిన కోరిక అదొక్కటే. భర్త అబీలియు ఎప్పుడో పోయాడు. పిల్లల్లేరు. తను పనిచేసిన సార్డీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీ మూతబడి చాలా కాలమైంది. చలికాలమంతా కిటికీ పక్కన కూర్చుని బట్ట అంచుకు లేసు అల్లింది. బట్ట కూడా కొన్నది కాదు. పెళ్ళికి పెర్పెతువా తెచ్చుకున్న నార దుప్పటి. ఒక మూల నీలం దారంతో తల్లి పేరు కుట్టింది.

అంతా సిద్ధమే. లేనిదల్లా తవ్వే తేదీ. అది చెప్పాల్సింది ఎవొరాలోనే ఉంటున్న చెల్లెలు లుదొవీనా. క్రిస్మస్ దగ్గర్నుంచీ ఫోన్ చేస్తూనే ఉంది ఒలిండా. అవతల ఉలుకూ పలుకూ లేదు. నేరుగా వెళ్ళి తలుపు తట్టడానికి ముఖం చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో కూడా ఆమెకు తెలుసు, కాకపోతే ఆ సంగతిని మనసులో ఒక మూలకు నెట్టి, దాని మీద ఏదో ఒకటి కప్పి ఉంచుతుంది. ఇంతలో ఈ ఏడాది విహారం ఎవొరాకని పేట కార్యాలయం తలుపు మీద కాగితం అంటించారు. మొట్టమొదట పేరిచ్చిన మనిషి ఒలిండా.

"ఎముకల మందిరం చూడాలని ఎంత సరదా పడిందో," అని పేటంతా చెప్పుకున్నారు. ఆ ఊళ్ళో పుట్టి, ఆ మందిరం గోడ నీడలో ఆడుకుని పెరిగిన మనిషికి అది చూడాలని సరదా ఏమిటి?

బస్సు సీసా బిరడాలకు బెరడు ఒలిచే చెట్ల మధ్య నుంచి పోతోంది. కరెంటు స్తంభాల మీద కొంగలు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. ముందు సీట్లోంచి నెల్సన్ అనే కార్యాలయం కుర్రాడు మైకు పట్టుకుని, "అమ్మలూ, అయ్యలూ, భోజనం తర్వాత ఖాళీ ఇస్తాం, కానీ ఐదింటికల్లా బస్సు దగ్గరుండాలి, పోయినేడు లాగా ఎవర్నీ వెతుక్కుంటూ తిరగను," అన్నాడు.

"పోయినేడు తప్పిపోయింది నువ్వే కదరా!" అని వెనక నుంచి ఎవరో అరిస్తే బస్సంతా నవ్వింది. ఒలిండా మాత్రం సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

మందిరంలో చల్లగా, మసకగా ఉంది. గోడల నిండా, స్తంభాల నిండా ఎముకలే. తొడ ఎముకలు కట్టెలు పేర్చినట్టు పేర్చి, మధ్య మధ్యలో పుర్రెలు పొదిగారు. వెనకటికి ఊరి చుట్టూ ఉన్న సమాధులన్నీ నిండిపోతే, సన్యాసులు వాళ్ళందరినీ తవ్వి తెచ్చి ఇలా గోడలకు అతికించారు. విదేశీయులు ఫోన్లు ఎత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. ఒక అమ్మాయి పుర్రె పక్కన చెంప ఆనించి నవ్వింది. ఒలిండాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంతమందికీ కడిగి చుట్టేవాళ్ళు ఒక్కరు కూడా లేకపోయారా?" అంది ఎర్మీనియా గొంతు తగ్గించి.

"ఉండే ఉంటారు. రాలేదంతే," అంది ఒలిండా. అందులో కొంచెం గర్వం కూడా ఉంది. రాని చుట్టాల్లో తను లేదు.

ఒక పక్క అద్దాల పెట్టెల్లో రెండు ఎండిన శవాలున్నాయి. ఒకటి మగమనిషిది, ఒకటి పిల్లవాడిది. చర్మం ఎముకకు అంటుకుపోయి, తోలు చెప్పులా బిగుసుకుపోయి ఉన్నాయి. నెల్సన్ వాటి దగ్గర నిలబడి కథ మొదలుపెట్టాడు. ఆ కథ ఒలిండాకు నడక రాకముందే తెలుసు. అన్నం తినకపోతే, అబద్ధమాడితే, చెల్లెల్ని గిల్లితే పెర్పెతువా చెప్పే కథే అది. ఒక తండ్రీ కొడుకూ కలిసి ఇంటి ఇల్లాలిని కొట్టి కొట్టి చంపుకు తిన్నారట. ఆమె పోతూ పోతూ, మిమ్మల్ని మట్టి కూడా ముట్టుకోదు పొండి అని శపించిందట. నిజంగానే ముట్టుకోలేదట.

"ఇదంతా కథేలెండి," అన్నాడు నెల్సన్, నవ్వుతూ.

కథేనని ఒలిండాకూ తెలుసు. ఆ మాటకొస్తే ఎవొరాలో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. కానీ రెండేళ్ళ కిందట, తవ్విన గోతి అంచున నిలబడి, లోపల తల్లి ముఖం ఇంకా ముఖంలాగే ఉండడం చూసినప్పుడు ఒలిండా నోట్లోంచి వచ్చింది ఆ కథే. తవ్వేవాళ్ళు విన్నారు. కూడా వచ్చిన ఇరుగుపొరుగు విన్నారు.

"ఎన్ని శాపనార్థాలు పెట్టావే లుదొవీనా, అమ్మని మట్టి కూడా ముట్టుకోలేదు!"

అంతే. ఒక్క మాట. కడుపు రగిలి అన్నది, ఏడుస్తూ అన్నది. తల్లి శవాన్ని అలా చూసిన మనిషి నోట ఏమొస్తుందో లెక్కపెట్టుకుంటారా? ఈ రెండేళ్ళలో ఒలిండా తనకు తాను ఇలాగే చెప్పుకుంటూ వచ్చింది. అద్దాల పెట్టె ముందు నిలబడి ఇప్పుడూ అదే చెప్పుకోబోయింది, కానీ ఎందుకో ఈసారి సగంలోనే ఆగిపోయింది. ఇక బయటికి పోదామని ఎర్మీనియా చెయ్యి పట్టుకుని లాగింది.

భోజనంలో కొత్తిమీర, వెల్లుల్లి దంచి వేసిన రొట్టె చారు పెట్టారు. అమ్మ చేసే చారే, కాకపోతే నూనె తక్కువ. ఒలిండా రెండు చెంచాలు నోట్లో పోసుకుని లేచింది.

"మాంసం ఇంకా రానేలేదు, అప్పుడే ఎక్కడికే?" అంది ఎర్మీనియా.

"మా చెల్లెలింటికి."

"నీకు చెల్లెలుందా! ఎప్పుడూ చెప్పలేదేం?"

ఒలిండా వినిపించుకోనట్టు సంచి తీసుకుని బయటపడింది.

లుదొవీనా ఇల్లు అమ్మ ఇల్లే. తెల్లటి సున్నం గోడ, కింద పసుపు పట్టీ, తలుపు బార్లా తీసే ఉంది. వంటింట్లో లుదొవీనా చిక్కుడు గింజలు వలుస్తూ కూర్చుంది. అక్కను చూసి లేవలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. కాయ చివర గిల్లి, గింజలు గిన్నెలోకి తోసి, తొక్క పక్కన పడేసింది.

"ఉచితంగా బస్సు వేస్తే గాని రాలేకపోయావన్నమాట," అంది.

"నీకెవరు చెప్పారు?"

"సెతూబల్ నుంచి పెద్దవాళ్ళ బస్సొచ్చిందని పొద్దున రొట్టెల కొట్లో అనుకుంటున్నారు. నువ్వుంటావనుకున్నా. కూర్చో అక్కా. నిలబడితే నీ మోకాళ్ళు నొప్పి."

ఒలిండా కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. దారిలో ఎన్నో మాటలు వరస చేసుకుంది కానీ, ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు.

"ఫోన్ ఎత్తవేం?"

"ఎత్తితే ఏమంటావోనని."

"తేదీ అడుగుదామని చేశాను. అంతే. అమ్మకి తేదీ వచ్చుండాలి కదా. నేనొస్తాను లుదొవీనా. ఈసారి అన్నీ నేనే చేస్తాను. నువ్వు ముట్టుకోనక్కర్లేదు. ఇదిగో, బట్ట కూడా సిద్ధం చేశాను."

లుదొవీనా చేతులు ఆగాయి. అక్క ముఖంలోకి మొదటిసారి నేరుగా చూసింది.

"అయిపోయింది," అంది.

"ఏది?"

"అమ్మది. ఫిబ్రవరిలో తవ్వారు. కడిగాను, చుట్టాను, గూట్లో పెట్టాను. నేనొక్కదాన్నే."

ఒలిండా సంచిలో ఉన్న బట్ట మీద చెయ్యి బిగుసుకుంది. "నాకు చెప్పకుండా? నేనూ కన్నకూతుర్నే కదే! నాకు హక్కు లేదా?"

"ఉంది. చెబుదామనే అనుకున్నా. ఫోన్ చేతిలోకి తీసుకున్నా కూడా." లుదొవీనా ఇంకో కాయ అందుకుంది. "తవ్వాక మళ్ళీ అలాగే ఉంటే? మళ్ళీ నువ్వు గోతి ఒడ్డున నిలబడి అందరి ముందూ నన్ను అనాలా? అందుకని ఫోన్ కింద పెట్టేశాను."

"అదేదో నోరు జారిన మాట. దాన్ని పట్టుకుని రెండేళ్ళు..."

"నిజంగానే తిట్టాను అక్కా."

ఒలిండా తలెత్తి చెల్లెలి వైపు చూసింది.

"ఏమనుకున్నావు? తొమ్మిదేళ్ళు మంచంలో ఉంది. నువ్వు ఈస్టర్‌కి బాదం మిఠాయి పట్టుకొచ్చేదానివి. అమ్మకి తల దువ్వి, జడేసి, 'ఎంత బాగుందో మా అమ్మ' అని ముద్దులాడి సాయంత్రం బస్సెక్కేదానివి. మిగతా రోజులు ఎవరివి? ఒకరోజు పక్క మార్చాను. తడిపేసింది. మళ్ళీ మార్చాను. మళ్ళీ తడిపేసింది. నా నడుం విరిగిపోతోంది. 'నువ్వు పోవేం, నాకు విముక్తి లేదా' అన్నాను. అమ్మ వింది. ఏమీ అనలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది." లుదొవీనా గొంతులో తడి లేదు. ఎప్పుడో ఎండిపోయినట్టుంది. "నువ్వు గోతి దగ్గర ఆ మాట అనగానే నేనేమనుకున్నానో తెలుసా? అక్కకెలా తెలిసింది అనుకున్నాను. అమ్మే చెప్పిందేమో అనుకున్నాను."

"నాకేం తెలీదే. ఆ కథ గుర్తొచ్చి..."

"తెలుసు. ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలీదుగా. ఫాదర్ దగ్గరికి వెళ్ళి చెప్పుకున్నాను. ఆయన నవ్వి, అవన్నీ కథలమ్మా అన్నాడు. కథలని నాకు తెలీదా? తెలిస్తే మాత్రం నిద్రపడుతుందా? రెండేళ్ళు ఆ మందిరం వీధి కాకుండా చుట్టు తిరిగి రొట్టెలకెళ్ళాను."

లుదొవీనా చిక్కుడు గిన్నె పక్కకు తోసి లేచింది. గోడ బీరువా తీసి, అడుగు అరలోంచి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తియ్యి."

ఒలిండా తీసింది. నీలం గౌను. మెడ దగ్గర తెల్లటి పూలు. రంగు కొంచెం వెలిసింది, అంతే. ముందు భాగం పై నుంచి కింది దాకా కత్తెరతో కోసి ఉంది. వెనక జిప్పు ఇంకా మెరుస్తోంది.

ఆ గౌను ఒలిండాకు తెలుసు. తల్లి పోయిందని కబురు వచ్చిన పూట, సెతూబల్‌లో పెద్ద కొట్టుకు పరుగెత్తి కొన్నది తనే. అమ్మను పాత బట్టల్లో పంపకూడదని, నలుగురూ చూస్తారని. కొట్టావిడ గౌను చేత్తో నలిపి, వదిలి చూపించింది. ముడత పడదమ్మా, రంగు పోదు, ఎన్నేళ్ళయినా ఇలాగే ఉంటుంది అంది. ఒలిండా సంతోషించింది. శవానికి తనే తొడిగింది. జిప్పు తనే పైకి లాగింది.

"నైలాన్," అంది లుదొవీనా. "మట్టి దీన్నేం చేస్తుంది? నీళ్ళు బయటికి పోవు, గాలి లోపలికి రాదు. అమ్మని సంచిలో కట్టిపడేసినట్టు పట్టుకుంది. ఫిబ్రవరిలో తవ్వితే మిగతావన్నీ పోయాయి, పెట్టె చెక్కతో సహా పోయింది, ఇదొక్కటే కొత్త పెళ్ళికూతురిలా ఉంది. కత్తెర తెచ్చి నేనే కోశాను. కోస్తుంటే నవ్వొచ్చింది అక్కా, నమ్ముతావా? నా నోరు కాదు, మా అక్క గౌను అని నవ్వొచ్చింది. తవ్వేవాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు."

"నాకు తెలీదు. మంచిదనే కొన్నాను," అంది ఒలిండా. ఆ మాట తనకే చప్పగా వినపడింది.

"నేనూ అదే అంటున్నా. నీకు తెలీదు. తెలీకుండా గౌను తెచ్చావు, తెలీకుండా మాటన్నావు. పూడ్చిన రోజు ఆ గౌను చూసి నేను కుళ్ళుకున్నాను కూడా. నా దగ్గర అమ్మకి అలాంటిది ఒక్కటీ లేదని."

ఒలిండా గౌను మడత పెట్టబోయి, ఎలా పెట్టాలో తోచక వదిలేసింది. ఇంత వయసొచ్చాక సిగ్గు ఇలా ఒళ్ళంతా పాకుతుందని ఆమె అనుకోలేదు.

"నన్ను క్షమించవే," అంది.

"దానికి కూడా ఓపిక లేదు అక్కా. ఉన్న ఓపికంతా అయిపోయింది."

"దేంట్లో చుట్టావు?"

"తువ్వాల్లో. ఇంట్లో ఉన్నవాటిలో మంచిదే."

ఒలిండా తన సంచిలోంచి నార బట్ట తీసి బల్ల మీద పరిచింది. "పెట్టె ఒక్కసారి తెరిపిద్దామే. తువ్వాలు మీద నుంచే చుడదాం. ఇది అమ్మ పెళ్ళి దుప్పటి. చలికాలమంతా కుట్టాను. ఒక్కసారి."

లుదొవీనా వంగి అంచు పట్టుకుంది. రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. లేసు మీద వేలు జరిపింది, తల్లి పేరు దగ్గర ఆపింది.

"ఈసారి మంచి బట్టే తెచ్చావు," అంది. "నార. మట్టి దీన్ని ఇట్టే తినేస్తుంది." చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎప్పుడూ ఇంతే అక్కా నువ్వు. మాసిన గుడ్డలన్నీ ఉతికి ఆరేశాక, లేసు గుడ్డ పట్టుకుని వస్తావు. పెట్టె తెరిచేది లేదు. అమ్మని మళ్ళీ కదపనివ్వను."

"గూడెక్కడ?"

"లోపలికి వెళ్ళగానే ఎడమ గోడ. అన్నిటికన్నా పై వరస. కింద ఖాళీ లేవన్నారు. నిచ్చెన వేసుకోవాలి, నువ్వెక్కలేవు."

ఒలిండా బట్ట మడిచి సంచిలో పెట్టుకుంది. గౌను సంచి కూడా లుదొవీనా ఆమె చేతిలో పెట్టింది. ఉతికాను, కంపు కొట్టదు అంది. గుమ్మం దాకా వచ్చింది. అక్కడ నిలబడి, ఎండలోకి చూస్తూ, రేపటి వంట సంగతి చెప్పినట్టు చెప్పింది.

"బావ ఎముకలు తీసిన రోజు నేను సెతూబల్ వచ్చాను, గుర్తుందా? నువ్వు కళ్ళు తిరిగి పడిపోయావు. బావ తల నేనే కడిగాను. అమ్మదీ నేనే కడిగాను. ఇక చాలు. నీ ఎముకలకి నేను రాను అక్కా. ఇప్పుడే చెప్తున్నా, నా కోసం ఎదురుచూడకు."

"చచ్చాక నేనెలా ఎదురుచూస్తానే?"

"అమ్మ చూసిందిగా, రెండేళ్ళు."

లుదొవీనా తలుపు వెయ్యలేదు. లోపలికి వెళ్ళి మళ్ళీ చిక్కుళ్ళ ముందు కూర్చుంది. తిరిగి పిలుస్తుందేమోనని ఒలిండా కాసేపు వీధిలో నిలబడింది. లోపల గిన్నెలో గింజలు పడుతున్న చప్పుడు వినిపించింది.

శ్మశానానికి వెళ్ళింది. ఎడమ గోడ దొరికింది. గూళ్ళు పై దాకా వరసలు వరసలుగా ఉన్నాయి, ప్రతి దానికీ చిన్న అద్దం తలుపు, లోపల లేసు తెర. పై వరసలో పేర్లు కింది నుంచి చదవడానికి కనపడలేదు. కాలివేళ్ళ మీద లేచి చూసింది. గోడ పట్టుకుని ఇంకొంచెం లేచింది. ఏ తెర వెనక అమ్మ ఉందో తెలియలేదు. ఏదో ఒకటనుకుని ఒక గూడు వైపు చూస్తూ, "నాకు తెలీదమ్మా, నైలాన్ అని నాకు తెలీదు," అని పైకే చెప్పింది. పక్క సమాధి మీద పూలు సర్దుతున్న ఆవిడ తలెత్తి చూసి మళ్ళీ తన పనిలో పడింది. నిచ్చెన గోడకే ఆనించి ఉంది. ఒలిండా దాని మొదటి మెట్టు మీద కాలు పెట్టి, మోకాలు ఒప్పుకోక దించేసింది.

బస్సు దగ్గరికి వచ్చేసరికి అందరూ ఎక్కేశారు. ఎర్మీనియా బాదం మిఠాయి పెట్టెలు రెండు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్సు కదలగానే మొదలుపెట్టింది.

"చెల్లెలు బాగుందా? ఏం పెట్టింది?"

"బాగుంది."

"మీ అమ్మని ఎప్పుడు తవ్వుతారట మరి?"

"అయిపోయిందట. ఫిబ్రవరిలోనే."

"అయ్యో! మరి బట్ట?" అంటూనే ఎర్మీనియా సంచిలో చెయ్యి పెట్టింది. ఒలిండా వద్దనే లోపలే నార బట్ట ఎర్మీనియా మోకాళ్ళ మీద పరుచుకుంది. "ఓసి నీ చేతులు బంగారం కాను! ఇదిగో, మీరూ చూడండే ఈ లేసు!" ముందు సీటువాళ్ళు తిరిగి చూశారు, వెనకవాళ్ళు లేచి వచ్చారు. బట్ట చేతులు మారింది. ఎంత సన్నటి పని, ఇలాంటి నార ఇప్పుడెక్కడ దొరుకుతుంది, కళ్ళు ఎలా ఆనాయమ్మా నీకు అన్నారు. నీలం గౌను సంచి సీటు కింద కాళ్ళ దగ్గర పడి ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు.

"ఇంత మంచి బట్ట ఇక ఎవరికి?" అంది ఎర్మీనియా, బట్ట తిరిగి వచ్చాక.

"నాకే."

"మీ అమ్మ పేరుందిగా?"

"దారం విప్పేసి నాది కుట్టుకుంటాను." ఒలిండా బట్ట మడిచింది, పేరు లోపలికి పోయేలా. కిటికీ బయట ఎవొరా గోడ వెనక్కి పోతోంది. కిందటేడు దాకా ఈ ఎర్మీనియా ఎవరో కూడా ఆమెకు తెలియదు. చేపల కొట్టు దగ్గర పరిచయం, రెండు విహారాల్లో పక్క సీటు, అంతే. అయినా అడిగింది. అడగడానికి ఆ బస్సులో ఇంకెవరున్నారు?

"ఎర్మీనియా. నా ఎముకలు తీసే రోజున నువ్వొస్తావా? కడిగి, దీంట్లో చుడతావా?"

ఎర్మీనియా ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, పగలబడి నవ్వింది. "నేనా! ఏం వేళాకోళమే నీకు! నాకు డెబ్బై ఎనిమిది తల్లీ, నా మోకాళ్ళు చూడు, నీకంటే ముందు నన్నే తవ్వాలి! ఎవరైనా వయసులో ఉన్నవాళ్ళని చూసుకో. అదిగో, నెల్సన్‌ని అడుగు! ఒరే నెల్సన్, ఒలిండా నీకో పని చెబుతుందట!"

బస్సంతా నవ్వింది. నెల్సన్ మైకు పట్టుకుని లేచి వెనక్కి తిరిగాడు.

"చెప్పండమ్మా, ఏం కావాలి?"

నవ్వుతున్న ముఖాలన్నీ ఆమె వైపు తిరిగాయి, ఏమంటుందా అని.

"ఏం లేదు నాయనా," అంది ఒలిండా. "చలేస్తోంది. కాస్త ఆ ఏసీ తగ్గించు."

అతను డ్రైవర్‌తో చెప్పి తగ్గించాడు.